మా ఊరి క్లోరిన్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే తలలో కనీసం గుప్పెడు తెల్లవెంట్రుకలైనా ఉండాలని మా నాయన అంటాడు. నాకింకా రెండే ఉన్నాయి. అయితే ఆ రెండూ ఎమ్మెస్సీ ఆఖరి ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబులో వచ్చినవే కాబట్టి, ఆ ఒక్క గది గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆ రోజుల్లో అనే హక్కు నాకుందనుకుంటాను. ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుందనీ, ఆ పద్ధతి తప్పకుండా వెళితే ప్రతి ప్రశ్నకూ జవాబు దొరుకుతుందనీ గట్టి నమ్మకం ఉండేది. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక పెన్సిలు, ఒక చిన్న స్కేలు పెట్టుకుని తిరిగేవాణ్ణి. బస్సెక్కే ముందు పాసు, తాళం, ఫోను, రుమాలు వరుసగా తడుముకునేవాణ్ణి (వరుస తప్పితే మళ్ళీ మొదటినుంచీ). ఇటువంటి మనిషి కోసమే ఎవరో కూర్చుని తయారుచేసిన చదువు ఏదైనా ఉందంటే అది, పేరు తెలియని పదార్థాన్ని గుర్తుపట్టే ప్రయోగమే.

ఆ చదువు వైపు రానివాళ్ళ కోసం అదేమిటో చెబుతాను. చిన్న గాజుగొట్టంలో చిటికెడు తెల్లపొడి, ఎప్పుడైనా నాలుగు చుక్కల ద్రవం ఇస్తారు. గొట్టం మీద ఒక నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. అదేమిటో మనం కనిపెట్టాలి. మొదట రంగు, వాసన చూడాలి. కాల్చి మంట చూడాలి. తర్వాత ఆ పొడిని సోడియం ముక్కతో కలిపి సన్నటి గొట్టంలో ఎర్రగా కాల్చి, ఆ గొట్టాన్ని అలాగే డిస్టిల్డ్ వాటర్లో ముంచి పగలగొట్టి, ఆ నీళ్ళను మరిగించి వడకట్టాలి. వడకట్టిన నీళ్ళను పట్టుకుని నీలో నత్రజని ఉందా, గంధకం ఉందా, క్లోరిన్ ఉందా అని ఒక్కొక్కటీ ఆరా తీయాలి. క్లోరిన్ ఉంటే సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే తెల్లగా విరుగుతుంది. చివరికి ఆ పొడి ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చూసి, పుస్తకం వెనక ఉండే పట్టికతో పోల్చి పేరు రాయాలి. దొంగను పట్టుకునే పద్ధతి కూడా ఇంత శుభ్రంగా ఉండదు. ఆ పుస్తకాన్ని నేను కొందరు నవలలు చదివినట్టు చదివేవాణ్ణి.

పుస్తకంలో అంత శుభ్రంగా ఉన్న ఆ పద్ధతి మా డిపార్టుమెంటుకు వచ్చేసరికి అనంతపురం నీళ్ళు తాగవలసి వచ్చింది. ల్యాబులో గోడకు డిస్టిల్డ్ వాటర్ తయారుచేసే యంత్రం ఒకటి ఉండేది. అది ఒక సీసాడు శుభ్రమైన నీళ్ళు ఇవ్వడానికి బకెట్లకు బకెట్లు మామూలు నీళ్ళు తూములోకి వదిలేస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఎండాకాలంలో ఇటువంటి విలాసం ఏమిటని ఎప్పుడో ఎవరో దాన్ని ఆపించారు. మళ్ళీ వేయమని ఎవరూ చెప్పలేదు. కింద కొళాయి ఉన్న పెద్ద తెల్ల ప్లాస్టిక్ డబ్బా మాత్రం బల్ల మీద అలాగే ఉండేది. మీద ఎర్ర అక్షరాలతో డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉండేది. దాన్ని రోజూ నింపేది అటెండరు చాచా. (ఆయన్ను విద్యార్థులే కాదు, ప్రొఫెసర్లు కూడా చాచా అనే పిలిచేవారు.) ఒకరోజు ఆయన వెనక బోరు దగ్గర పైపు పెట్టి ఆ డబ్బా నింపుతుంటే చూసి, నా శాస్త్రీయ మనస్సాక్షి ఊరుకోక అడిగాను.

"చాచా, ఇవి బోరు నీళ్ళు కదా?"

"డబ్బా మీద ఏం రాసుండాది?"

"డిస్టిల్డ్ వాటర్ అని."

"చదువుకున్నోనివి. నువ్వే చదివి మళ్ళా నన్ను అడుగుతాండావే."

మా బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో తాగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తాగనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఫలితం ఏమిటంటే మా ల్యాబులో సృష్టిలోని ప్రతి పదార్థంలోనూ క్లోరిన్ ఉండేది. యూరియాలో క్లోరిన్, నాఫ్తలీన్లో క్లోరిన్, చివరికి ఒకసారి వేళాకోళానికి క్యాంటీన్ చక్కెర కాల్చి చూస్తే దాన్లోనూ క్లోరిన్. ఇది తెలిసిన సీనియర్లు దాన్నుంచి ఒక సంప్రదాయం పుట్టించారు. మేం చేరిన మొదటి వారంలోనే ఒక సీనియర్ అన్న మమ్మల్ని కిటికీ పక్కకు పిలిచి, తాత ఆస్తి మనవడికి అప్పజెప్పినట్టు చెప్పాడు. "సూడండప్పా. క్లోరిన్ వస్తాది. అందరికీ వస్తాది. రఫ్‌లో రాయండి, ఫెయిర్‌లో కొట్టేయండి. అది పొడిది కాదు, మన ఊరిది."

ఉత్త నీళ్ళలో ఒక సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూసుకుంటే ఏది ఊరిదో ఏది పొడిదో తేలిపోతుంది కదా అని తెలిసినవాళ్ళకు అనిపిస్తుంది. దాన్ని బ్లాంక్ టెస్ట్ అంటారు. పుస్తకంలో ఉంది. కాని సిల్వర్ నైట్రేటు వెండితో చేసిన మందు కదా, అది మా మేడమ్ బీరువాలో ఉండేది. బీరువా తాళం మేడమ్ బ్యాగులో ఉండేది. ఎవరికి కావాలన్నా ఆమే లేచి వచ్చి, నల్లసీసాలోంచి డ్రాపరుతో తీసి, మన గొట్టంలో రెండు చుక్కలు వేసి వెళ్ళేది. మూడో చుక్క పడిన సందర్భం మా బ్యాచ్ చరిత్రలో లేదు. ఆమెకు చుక్కల మేడమ్ అని పేరు పెట్టింది మాకంటే ముందువాళ్ళు. చేరిన కొత్తలో నేను "మేడమ్, బ్లాంకుకు కూడా రెండు చుక్కలు" అని అడిగితే, ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పదార్థానికే చాలక నేను సస్తాంటే, నీకు నీళ్ళకు కూడా కావాల్నా?" అంది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

థర్మామీటర్ల సంగతి ఇంకోటి. మా ల్యాబులో ఒక్కో బల్లకు ఒక్కో థర్మామీటరు. ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా చాచా వాటి మెడలకు రంగుదారాలు కట్టాడు. మా బల్లది పచ్చదారం. దాన్ని మరిగే నీళ్ళలో పెట్టి చూస్తే నూట ఎనిమిది చూపించేది. మా పీఠభూమి ఎత్తు లెక్కేసుకుంటే నీళ్ళు తొంభై తొమ్మిది దగ్గర మరగాలి. అంటే పచ్చదారం తొమ్మిది డిగ్రీలు ఎక్కువ చెబుతుందన్నమాట. ఎర్రదారం నాలుగు తక్కువ చెప్పేది. నీలందారం మనసు బట్టి చెప్పేది. ఇవన్నీ కనిపెట్టింది నేనే. ల్యాబులో ప్రతి లోపానికీ నా దగ్గర ఒక సవరణ ఉండేది. దాన్ని తీసేయాలి, దీన్ని కలపాలి, ఫలానాదాన్ని నమ్మకూడదు. మా బ్యాచ్ అంతా నా సవరణల మీదే బతికింది. నిజం చెప్పాలంటే ఆ ల్యాబు బాగుపడితే నా ప్రతిష్ఠ పోతుందేమోనని నాకు లోలోపల భయంగా కూడా ఉండేది.

నా సవరణలు అక్కర్లేనివాడు ఒక్కడే, నా బల్లకే ఎదురువైపు నిలబడేవాడు, మేమంతా ముక్కు అని పిలిచేవాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్లాడు. చిన్నప్పటినుంచీ అద్దకం రంగుల ఆవిర్లలో పెరిగినందువల్లనో ఏమో వాడి ముక్కు మామూలు ముక్కు కాదు. గొట్టం మూత తీసి ఒక్కసారి పీల్చి, "బాదం వాసన. బెంజాల్డిహైడ్" అనేవాడు. "మోకాళ్ళ నొప్పులకు మా అవ్వ రాసుకునే మందు. మిథైల్ శాలిసిలేట్" అనేవాడు. ఆ తర్వాత మూడు గంటలపాటు తీరిగ్గా కూర్చుని, ఆ జవాబుకు దారితీసే పరీక్షలన్నీ చేసినట్టు వెనకనుంచి ముందుకు రాసుకొచ్చేవాడు. వాడు చూసిన కరిగే డిగ్రీ ఎప్పుడూ పుస్తకంలో ఉన్న డిగ్రీకి ఒక్క గీత అటూ ఇటూ ఉండేది కాదు (థర్మామీటరు పెట్టెలోంచి తీసేవాడే కాదు కాబట్టి). నేను చేస్తుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేవాడు.

"ఏమప్పా, అంత కష్టపడి యాడికి పోతాండావు?"

"జవాబు దగ్గరికి."

"నేను ఆడనే కూర్చోనుండా. రా."

పరీక్షలు దగ్గరపడేసరికి నాకు ఒక చిక్కు వచ్చి పడింది. చిక్కు అంటే మంచిదే. హైదరాబాదు అవతల మందులు తయారుచేసే ఒక కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే ల్యాబులో ఉద్యోగం దొరికింది. ప్రాక్టికల్స్‌తో సహా అన్నీ మొదటిసారే పాసైతేనే చేర్చుకుంటామన్నారు. ప్రాక్టికల్ పోతే మళ్ళీ ఏడాదికి గాని పరీక్ష రాదు. బుక్కరాయసముద్రంలో మాకు కిరాణా అంగడి ఉంది. మా నాయన ఆ వార్త విన్న మరుసటిరోజే బజారుకు పోయి చక్రాలున్న నీలం సూట్‌కేసు ఒకటి కొనుక్కొచ్చాడు. కొన్నవాడు ఇంట్లో పెట్టకుండా అంగడిలో బెల్లం బుట్టల పైన, వచ్చేవాళ్ళందరికీ కనబడేలా పెట్టాడు. పప్పుకొచ్చినవాళ్ళు, నూనెకొచ్చినవాళ్ళు "శెట్టీ, ఈ పెట్టె ఎంత?" అని అడిగేవారు.

"అది అమ్మేది కాదప్పా. మావోడు హైదరాబాదు పోతాండాడు. మందులు కనిపెట్టే ఉద్యోగం."

"కనిపెట్టేది కాదు నాయనా, పరీక్ష చేసేది" అని నేను లోపలినుంచి సవరించేవాణ్ణి.

"ఏదో ఒకటి. ముందు పరీక్ష చేసి, తర్వాత కనిపెడతాడు" అని మా నాయన వాళ్ళకు సర్దిచెప్పేవాడు. ఊళ్ళో సగంమందికి ఆ పెట్టె తెలుసు. పరీక్ష పోతే అది బెల్లం బుట్టల మీదనుంచి దిగడం కూడా సగంమంది చూస్తారు. నా భయమంతా మార్కుల గురించి కాదు, ఆ పెట్టె గురించే.

పరీక్ష రోజు పొద్దున బస్సులో పోతుంటే చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు (చెరువు గట్టున కాదు, చెరువులోనే. ఆ ఏడు వాన లేదు). అది చూసి నేను మనసులో ఒక సవరణ రాసుకున్నాను. వాన లేకపోతే బోరు కిందికి పోతుంది, కిందికి పోయేకొద్దీ ఉప్పు పెరుగుతుంది, కాబట్టి ఈ రోజు ఊరి క్లోరిన్ మామూలుకన్నా ఎక్కువ రావచ్చు. ఇంత ముందుచూపు ఉన్న విద్యార్థి ఆ రోజు జిల్లాలో ఇంకొకడు ఉండి ఉండడు.

ల్యాబు ఆ రోజు పెళ్ళివారిల్లులా ఉంది. బల్లలు తుడిచారు. తిరగని ఫ్యాను తిరుగుతోంది. బయటనుంచి వచ్చిన పరీక్షాధికారి కోస్తా వైపు కాలేజీ ఆయన, తెల్లచొక్కా, మెత్తని గొంతు. ఆయన పక్కన చుక్కల మేడమ్ కొత్త చీరలో కూర్చుని ఉంది. నాకు నంబరు వేసిన గొట్టం ఇచ్చారు. తెల్లపొడి. ఎదురుగా ముక్కు తన గొట్టం మూత తీసి, పీల్చి, మూత పెట్టి, హాయిగా తెల్లకాగితం మీద మార్జిన్ గీసుకోవడం మొదలుపెట్టాడు. వాడి పరీక్ష అయిపోయింది.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. కాల్చితే మసి పట్టిన మంట వచ్చింది. వంటసోడా నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగింది. అంటే ఆమ్లం. సోడియంతో కాల్చి, తెల్లడబ్బా కొళాయి తిప్పి నీళ్ళు పట్టి, గొట్టం ముంచి, మరిగించి, వడకట్టాను. నత్రజని లేదు. గంధకం లేదు. మేడమ్ వచ్చి సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసింది. ఎప్పుడూ పలచని మజ్జిగలా వచ్చే తెలుపు ఆ రోజు గడ్డపెరుగులా విరిగింది. నేను తల ఊపుకున్నాను. వాన లేదు కదా. రఫ్ పేజీలో క్లోరిన్ ఉంది అని రాసి, ఫెయిర్ పేజీలో సంప్రదాయం ప్రకారం లేదు అని రాశాను.

ఇక కరిగే డిగ్రీ. పచ్చదారం థర్మామీటరు తీసుకున్నాను. ఎందుకో తళతళలాడుతోంది. పరీక్ష కదా, చాచా కడిగినట్టున్నాడనుకున్నాను. సన్నగొట్టంలో పొడి వేసి వేడిచేస్తే నూట నలభై రెండు దగ్గర కరిగింది. అందులోంచి పచ్చదారం తొమ్మిది తీసేస్తే నూట ముప్పై మూడు. పట్టిక తీశాను. క్లోరిన్ లేని ఆమ్లం, నూట ముప్పై మూడు దగ్గర కరిగేది, సినమిక్ ఆసిడ్. ఒక్క డిగ్రీ తేడా లేదు. నా రెండేళ్ళ సవరణలన్నీ ఒకచోట చేరి నాకు నమస్కారం పెట్టినట్టనిపించింది.

చిన్న అడ్డంకి ఒకటి వచ్చింది. సినమిక్ ఆసిడ్ అయితే బ్రోమిన్ నీళ్ళ రంగు పోగొట్టాలి. పోలేదు. నీళ్ళకు కరువు కాబట్టి ద్రావణం మరీ చిక్కగా కలిపి ఉంటారని సవరించుకున్నాను. పొడికి కొంచెమైనా దాల్చినచెక్క వాసన రావాలి. రాలేదు. నాకు జలుబు ఉందని సవరించుకున్నాను. (జలుబు లేదు. కాని మొదలవబోతోందేమోననిపించింది.) ఎదురుగా ముక్కు నావైపు చూసి, కనుబొమలు పైకెత్తి, ముక్కు మీద వేలు పెట్టుకుని అడ్డంగా తల ఊపాడు. వాసనలతో బతికేవాడికి శాస్త్రం ఏం తెలుసని నేను చూపు తిప్పుకుని, పెద్ద అక్షరాలతో సినమిక్ ఆసిడ్ అని రాసి, కింద స్కేలుతో రెండు గీతలు గీశాను.

వైవాలో నాకంటే ముందు ముక్కును పిలిచారు. కోస్తా సార్ వాడి కాగితాలు చూసి, "ఎంత క్రమంగా చేశావయ్యా. ఒక్క పరీక్ష కూడా పక్కకు పోలేదు. ఇలా ఉండాలి ప్రాక్టికల్ అంటే" అన్నారు. చేయని పరీక్ష పక్కకు ఎలా పోతుందని నేను మనసులో అనుకున్నాను. తర్వాత నన్ను పిలిచారు. నా కాగితాలు అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఎడమపక్క క్లోరిన్ ఉందని రాశావు. కుడిపక్క లేదని రాశావు. మధ్యలో ఏమైంది బాబూ?"

"కొట్టేసినాను సార్."

"అది కనిపిస్తోంది. ఎందుకు కొట్టేశావు?"

"అది పొడిది కాదు సార్. నీళ్ళది."

"ఏ నీళ్ళది?"

"డిస్టిల్డ్ వాటర్‌ది సార్."

చుక్కల మేడమ్ దగ్గింది. "పిల్లోడు బాగా చదువుతాడు సార్. టెన్షన్. రాత్రి నిద్ర పోయుండడు" అంది. అంటూనే నావైపు చూసింది. ఆ చూపులో ఇంటర్నల్ మార్కులు, బీరువా తాళం, రెండేళ్ళ బోరు నీళ్ళు అన్నీ ఉన్నాయి. నీళ్ళ సంగతి చెబితే మేడమ్ పరువు పోతుంది, ఆమె చేతిలో ఉన్న మార్కులు నావి. చెప్పకపోతే చూసిన క్లోరిన్‌ను కారణం లేకుండా కొట్టేసిన మూర్ఖుణ్ణవుతాను, నీలం పెట్టె బెల్లం బుట్టల మీదనుంచి దిగుతుంది. ఏం చేయాలో తేల్చుకునేలోపే కోస్తా సార్ మళ్ళీ అడిగారు.

"డిస్టిల్డ్ వాటర్‌లో క్లోరిన్ ఎందుకుంటుంది?"

"మా ఊర్లో ఉంటాది సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అయితే ఆ నీళ్ళు తే. పొడీ గిడీ ఏమీ వద్దు. ఉత్త నీళ్ళకే చేసి చూపించు" అన్నారు. నేను తెల్లడబ్బా దగ్గరికి పోయి గొట్టంలో నీళ్ళు పట్టుకొచ్చాను. మేడమ్ లేచి నల్లసీసా తెచ్చింది. "బ్లాంకుకా సార్?" అని ఒకసారి అడిగింది. "బ్లాంకుకే మేడమ్. ధారాళంగా వెయ్యండి" అన్నారు ఆయన. ఆమె కళ్ళు మూసుకున్నంత పనిచేసి వేసింది. మూడో చుక్క పడటం నేను నా కళ్ళతో చూశాను. నాలుగోది కూడా పడింది.

ఏమీ రాలేదు. గొట్టాన్ని కదిపాను. కిటికీ వెలుగులో పెట్టి చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, అవతల నిలబడ్డ చాచా చొక్కా గుండీలు కూడా కనబడుతున్నాయి. రెండేళ్ళలో ఆ గదిలో అంత తేటగా ఉన్న గొట్టాన్ని నేను చూడలేదు.

"సార్, ఈ నీళ్ళలో ఏమీ లేదు" అన్నాను, ఎవరో మోసం చేసినట్టు.

"డిస్టిల్డ్ వాటర్‌లో ఏముంటుందయ్యా?" అన్నారు ఆయన.

అప్పుడు, అంతవరకూ గోడకు ఆనుకుని గౌరవంగా నిలబడ్డ చాచా, డిపార్టుమెంటు పరువు కాపాడవలసిన బాధ్యత తన మీద పడిందనుకుని ముందుకొచ్చాడు. "మంచి నీళ్ళు సార్. పొద్దున్నే నేనే పోయి బ్యాటరీ అంగడినుండి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చి పోసినా. మీరు వస్తాండారని మేడమ్ చెప్పింది" అన్నాడు. మేడమ్ చీర కొంగు సర్దుకుంది. కోస్తా సార్ ఆమెవైపు చూసి, మళ్ళీ నావైపు తిరిగారు.

"కరిగింది నూట నలభై రెండు అని రాశావు. దాన్ని నూట ముప్పై మూడు ఎలా చేశావు?"

"పచ్చదారం తొమ్మిది ఎక్కువ చూపిస్తాది సార్."

"అవి కూడా కొత్తవే సార్" అన్నాడు చాచా, ఇంకా ఉత్సాహంగా. "పాతవన్నీ తీసి బీరువాలో పెట్టేసినాం. పిల్లోళ్ళు తికమక పడకుండా దారాలు మాత్రం విప్పి వీటికి నేనే కట్టినా."

"బ్రోమిన్?" అని కోస్తా సార్ మేడమ్‌ను అడిగారు. "ఫ్రెష్ సార్" అంది ఆమె నేలవైపు చూస్తూ. ఆయన నా కాగితాలు బల్ల మీద పెట్టి వాటి మీద చెయ్యి ఉంచారు.

"నీళ్ళు మంచివి. థర్మామీటరు మంచిది. బ్రోమిన్ మంచిది. ఇక ఈ గదిలో తేడాగా ఉందేమిటి?"

"నేనొక్కణ్ణే సార్" అన్నాను.

అప్పుడు ఆయన నవ్వారు. నవ్వి, కుర్చీ కొంచెం ముందుకు జరిపి, మేడమ్‌కు కూడా వినబడేలా మెల్లగా అన్నారు. "మా దగ్గర నీళ్ళు కావలసినన్ని. కాని అన్నిట్లోనూ ఇనుము. మా పిల్లలు ఇనుము వస్తే కొట్టేస్తారు. నేను చదువుకునే రోజుల్లో కూడా కొట్టేసేవాళ్ళం." మేడమ్ ముఖంలోకి రక్తం తిరిగి రావడం చూశాను. "ఇప్పుడు ఏదీ సవరించకుండా, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. ఏమిటి నీ పొడి?"

"క్లోరిన్ ఉన్న ఆమ్లం. నూట నలభై రెండు" అన్నాను. పట్టిక అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. "ఆర్థో క్లోరోబెంజోయిక్ ఆసిడ్ సార్."

"రాసిన పేరు మార్చడానికి లేదు. దానికిచ్చే మార్కులు పోయినట్టే" అన్నారాయన. నా కళ్ళ ముందు నీలం పెట్టె చక్రాల మీద కదిలింది. ఆయన ఎడమ పేజీ మీద వేలు పెట్టారు. "కాని ఈ రఫ్ ఉంది చూశావూ, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పొద్దుట్నుంచీ ఇన్ని ఫెయిర్లు చూశాను, ఇట్లాంటి రఫ్ ఒక్కటీ చూడలేదు. పరీక్షలు చేసినందుకు మార్కులు వేరే ఉన్నాయి. అవి ఇస్తాను." మేడమ్ కూడా, తన చేతిలో ఉన్న ఇంటర్నల్ మార్కుల్లో ఒక్కటి కూడా తగ్గించలేదు. తలుపు దగ్గర మాత్రం నన్ను ఆపి, "అంత వివరంగా చెప్పాల్నా ఆయనకి? రోంత మింగేదానికి లేదా?" అంది.

బయట చెట్టు కింద ముక్కు నాకోసం కూర్చుని ఉన్నాడు. ఫుల్ మార్కులు వచ్చినవాడి ప్రశాంతత వాడి ముఖంలో ఉంది. "దాల్చినచెక్క వాసన యాడ వచ్చిందిరా నీకు? నేను ఈడనుంచి పీల్చినా రాలేదే" అన్నాడు. జరిగింది చెప్పాను. మొదట నవ్వాడు, తర్వాత చాలాసేపు నవ్వాడు, తర్వాత లేచి ఒంటిమీది దుమ్ము దులుపుకుని, "దుడ్లుండాయా? టీ తాగుదాం పా" అన్నాడు. టీలో ఆ రోజు ఉప్పు తెలిసింది. బోరుదే.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అంగడిలో జనం ఉన్నారు. మా నాయన పొట్లం కడుతూనే తలెత్తి అడిగాడు. "గుర్తుపట్నావా?"

"పట్నా నాయనా. రోంత లేటుగా."

"లేటైతే ఏమి. పట్నావు కదా" అని ఆయన దారం పుటుక్కున తెంపి, ఎదురుగా ఉన్నామెకు పొట్లం ఇచ్చి, "ఇందాక అడిగితివే, ఈ పెట్టె. ఇది అమ్మేది కాదమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టాడు.

పాసయ్యాను. నీలం పెట్టె ఇప్పుడు హైదరాబాదులో నా మంచం కింద ఉంది, ఒక చక్రం తిరగదు. ముక్కు నల్లమాడ వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. తెలియని పదార్థాలను పద్ధతి ప్రకారం గుర్తుపట్టడం ఎలాగో పిల్లలకు బోధిస్తున్నాడనీ, చాలా కచ్చితమైన మనిషని పేరుందనీ విన్నాను. నేను పనిచేసే ల్యాబులో థర్మామీటర్లకు దారాలుండవు, సర్టిఫికెట్లుంటాయి. నీళ్ళు ఎంత శుభ్రంగా ఉంటాయంటే తాగితే ఏ రుచీ ఉండదు. సిల్వర్ నైట్రేటు లీటరు సీసాలో నా బల్ల మీదే ఉంటుంది. ఎన్ని చుక్కలు వాడావని ఎవరూ అడగరు. మొదటి జీతం రోజున ఎవరూ లేనప్పుడు ఉత్త నీళ్ళలో పది చుక్కలు వేసి చూశాను, సరదాకి.

మొన్న ఒక ఆదివారం ఊరినుంచి కొత్త నంబరుతో ఫోను వచ్చింది. మా డిపార్టుమెంటులో ఇప్పుడు ఆఖరి ఏడు చదువుతున్న కుర్రాడట. సీనియర్లు నా పేరు చెప్పారట. నాలాంటివాడేనని మొదటి మాటలోనే తెలిసింది, ప్రశ్నలకు నంబర్లు వేసుకుని అడుగుతున్నాడు.

"అన్నా, ఒకటో ప్రశ్న. వచ్చే వారం ప్రాక్టికల్. క్లోరిన్ వస్తే కొట్టేయాల్నా, వద్దా? పోయినేడు కొట్టేసినోళ్ళలో కొందరు పాసైనారు, కొందరు కాలేదు."

"ఎవరు చెప్పినా వినొద్దు. నేను చెప్పినా వినొద్దు. ముందు ఉత్త నీళ్ళకు చేసి చూసుకో. బ్లాంక్" అన్నాను, కోస్తా సార్ గొంతు తెచ్చుకుని.

అవతల కాగితం మీద పెన్సిలు గీకిన చప్పుడు వినబడింది.

"నీళ్ళకు చుక్కలు యాడివన్నా? బీరువా తాళం మేడమ్ దగ్గరే ఉండాది."

రెండో ప్రశ్న అడగమన్నాను. అది పచ్చదారం గురించి.